మిల్లులో గూఢచారి ఫైట్: ఒక ఫోన్, నాలుగు మోపుల గడ్డి, నలుగురు దోస్తులతో తీసేది ఎట్లా

నేను పిల్లలకు కరాటే నేర్పుతాను, అంతకుముందు కొన్నేళ్లు జూడో చేశాను. అందుకే మా దోస్తులంతా కలిసి ఒక గూఢచారి షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకున్నప్పుడు "ఫైట్లు నువ్వే చూసుకోవాలన్నా" అని ఆ పని నా నెత్తిన పెట్టారు. నేనూ కాలర్ ఎగరేసుకుంటూ సరే అన్నాను. మిర్యాలగూడ దగ్గర తెలిసినాయన రైస్ మిల్లు సీజన్ అయిపోయి ఖాళీగా ఉంది, ఒక ఆదివారం పొద్దుగాల్నే దిగిపోయాం. ఆ రోజు నేను పదకొండు గుద్దులు గుద్దాను, ఫోన్లో చూసుకుంటే ఒక్కటీ తగిలినట్టు లేదు. పన్నెండోది నిజంగానే తగిలింది. విలన్ వేషం వేసిన, మేం తమ్ముడని పిలిచే దోస్తు వెనక్కి పడుతూ బండ మీద చెయ్యి ఆనించాడు, మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. సాయంత్రం వాళ్లమ్మ ముందు తల వంచుకుని నిలబడ్డాను చూడండి, ఎవరన్నా అది షూట్ చేసి ఉంటే మా సినిమాలో అంత సహజమైన నటన ఇంకెక్కడా ఉండేది కాదు.

ఆ ఆరు వారాలు షూటింగ్ ఆగింది కదా, ఊరికే కూర్చోలేక 1960ల నాటి యూరప్ గూఢచారి సినిమాలు వరుసబెట్టి చూశాను. జేమ్స్ బాండ్ దగ్గరున్న డబ్బులో పదో వంతు కూడా లేనట్టు కనబడే సినిమాలు, కథ ఎటు పోతుందో తీసినవాళ్లకే తెలియదనిపించే సినిమాలు. కానీ ఫైట్ వచ్చిందంటే కళ్లు తిప్పుకోలేం. ఎందుకా అని రెండో సారి, మూడో సారి ఆపి ఆపి చూస్తే అప్పుడు అర్థమైంది: అక్కడ హీరో పెద్దగా చేసేదేమీ లేదు, ఫైట్ మొత్తాన్ని నిలబెట్టేది దెబ్బ తినేవాడు. వాడు పడే తీరు, గాల్లో తిరిగే తీరు, గోడకు గుద్దుకుని జారే తీరు. మేమేమో నెల రోజులు గుద్దడం ప్రాక్టీస్ చేశాం, పడటం ఒక్క రోజు కూడా చేయలేదు. మీరు ఇదే పని మీద ఉంటే మా తప్పు మీరు చేయకుండా, ఎక్కడ మొదలుపెట్టాలో ఎక్కడ ఆపాలో మాకు తెలిసినంత చెప్తాను.

ముందు కొన్ని చూడండి, ఆపి ఆపి చూడండి

1962లో మొదటి బాండ్ సినిమా వచ్చి కాసుల వర్షం కురిపించగానే ఇటలీ, ఫ్రాన్స్, స్పెయిన్, పశ్చిమ జర్మనీ నిర్మాతలు తలా కొంత వేసుకుని అదే తరహా సినిమాలు తీయడం షురూ చేశారు. 1964 నుంచి 1967 దాకా మరీ పుట్టలు పుట్టలుగా వచ్చాయి. వీటన్నిటినీ బాండ్ కాపీలని కొట్టిపారేయడం సరికాదు. ఫ్రెంచ్ గూఢచారి ఓఎస్ఎస్ 117 నవలల్లో పుట్టింది 1949లో, జాన్ బ్రూస్ రాశాడు, బాండ్ మొదటి నవల వచ్చింది 1953లో. సినిమాల వరకు మాత్రం బాండ్ గాలి గట్టిగానే సోకింది, అది ఒప్పుకోవాలి. అయితే 117 వాళ్లు 1966లోనే టోక్యో వెళ్లి సినిమా తీసుకొస్తే బాండ్ జపాన్ సినిమా వచ్చింది ఆ మరుసటి ఏడు. అదే 1966లో మన దగ్గర కృష్ణ 'గూఢచారి 116' వచ్చింది. అక్కడ 117, ఇక్కడ 116, ఇక మీరే నవ్వుకోండి.

నాకు బాగా పనికొచ్చింది 'కొమిస్సార్ ఎక్స్' వరుస. 1966 నుంచి 1971 దాకా ఏడు సినిమాలు. ఇద్దరు హీరోలు: టోనీ కెండల్ పేరుతో తిరిగే ఇటలీ నటుడు లుచానో స్టెల్లా, అమెరికా నుంచి వచ్చిన కండల వీరుడు బ్రాడ్ హారిస్. హారిస్ స్టంట్లు తెలిసిన మనిషి, అందుకే అతను ఉన్న ఫైట్లో పడేవాళ్లు కూడా లెక్కగా పడతారు. సెట్లు వేసే డబ్బు లేక వీళ్లు ఊళ్లు మార్చేవాళ్లు. ఒక సినిమా సిలోన్‌లో (ఇప్పటి శ్రీలంక), ఒకటి సింగపూర్‌లో, ఒకటి ఇస్తాంబుల్‌లో, ఆఖరిది 1971లో పాకిస్తాన్‌లో, అక్కడి స్టార్లు మొహమ్మద్ అలీ, జేబాలను పెట్టుకుని. సిలోన్ సినిమా తప్పకుండా చూడండి, కరాటే ఉంది, మన ఎండలాంటి ఎండ ఉంది, మన చెట్లలాంటి చెట్లున్నాయి, కాబట్టి మన దగ్గర తీస్తే ఎట్లా ఉంటుందో అంచనాకు వస్తుంది.

అసలు యూరప్ గూఢచారులకు ఈ జూడో, కరాటే పిచ్చి ఎందుకంటే అప్పుడు అక్కడ గాలి అట్లా వీస్తోంది. జిగోరో కానో 1882లో జపాన్‌లో మొదలుపెట్టిన జూడో 1964 టోక్యో ఒలింపిక్స్‌లో మొదటిసారి చేరింది, ఆ ఒలింపిక్స్‌లోనే ఓపెన్ విభాగంలో నెదర్లాండ్స్ మనిషి ఆంటోన్ హేసింక్ జపాన్ వీరుడు కమినాగాను వాళ్ల గడ్డ మీదే ఓడించాడు. బ్రిటన్ టీవీలో నటి ఆనర్ బ్లాక్‌మన్ అప్పటికే జూడోతో మగవాళ్లను పల్టీలు కొట్టిస్తోంది. 1964 'గోల్డ్‌ఫింగర్'లో ఆవిడే బాండ్‌ను గడ్డి కొట్టంలో విసిరి పారేస్తుంది. ఆ సీన్ ముగిసే తీరు ఇప్పుడు చూస్తే ఒళ్లు మండుతుంది, అది వదిలేయండి, కానీ పడేది ఎక్కడ? గడ్డిలో. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, మనకు తర్వాత అదే కావాలి.

ఇంకో మాట. ఈ సినిమాల్లో అరచేతి అంచుతో మెడ మీద ఒక్కటి వేస్తే గూండా నిద్రపోతాడు, దాన్ని జూడో దెబ్బ అంటారు. జూడో పోటీల్లో కొట్టడమే లేదు మహాప్రభో, పట్టడం, విసరడం, అదిమిపెట్టడం, అంతే. మా క్లాసులో ఎవరన్నా అడిగితే నవ్వుతాను. అయినా కెమెరాకు అంత బాగా పనికొచ్చే దెబ్బ ఇంకోటి లేదు, ఎందుకంటే చెయ్యి పైనుంచి పెద్ద వంపు తిరిగి వస్తుంది, చూసేవాడికి ముందే అర్థమవుతుంది, తగలాల్సిన అవసరమే లేదు. మెడను మాత్రం తాకనివ్వకండి. భుజం మీదుగా, వీపు వెనక గాల్లోకి పోవాలి చెయ్యి.

పడటం: రెండు వారాలు ఇదే పని

ఇక్కడ తొందరపడితే నా కథే మీ కథ అవుతుంది. ఫైట్లో ఉండే ప్రతి ఒక్కరూ, హీరోతో సహా, కనీసం రెండు వారాలు రోజూ అరగంట పడటం నేర్చుకోవాలి. మీ ఊళ్లో జూడోనో కుస్తీనో తెలిసిన మాస్టర్ ఉంటే ఆయన దగ్గరికి వెళ్లండి, నేను రాసింది చదివి ఒంటరిగా ఇంట్లో మొదలుపెట్టొద్దు. మెడ, నడుము నొప్పులున్నవాళ్లు అసలు దిగొద్దు.

మొదట వెల్లకిలా పడటం. నిలబడి కాదు, పడుకుని మొదలుపెట్టాలి. వెల్లకిలా పడుకుని గడ్డం గుండెకు ఆనించి నీ బెల్టు ముడి నువ్వు చూసుకో, అంటాను నేను పిల్లలకు. బెల్టు ముడి కనబడుతోందంటే తల నేలకు తగలదు, లెక్క అంతే. ఇప్పుడు రెండు చేతులూ ఒంటికి కాస్త ఎడంగా, అరచేతులు కిందికి, మోచేతి దాకా మొత్తం ఒకేసారి నేలను ఫట్‌మని కొట్టాలి. ఎందుకు కొట్టడం అంటే పడిన ఊపు ఒక్క చోట పడకుండా పంచుకుపోవడానికి. చెయ్యి నిటారుగా కింద పెట్టారో, ఒంటి బరువంతా మణికట్టు మీదికి వచ్చి కూర్చుంటుంది, మా తమ్ముడికి జరిగింది సరిగ్గా అదే. కొట్టే క్షణంలో ఊపిరి బయటికి వదలాలి. బిగబట్టి పడితే కాసేపు గాలి ఆడదు, మొదటిసారి అట్లా అయిన పోరగాడు చచ్చిపోతున్నానేమో అని బెదిరిపోతాడు.

పడుకుని వంద సార్లు కొట్టాక కూర్చుని, కూర్చుని వచ్చాక గొంతుక్కూర్చుని, అది కూడా వచ్చాక నిలబడి. నిలబడి పడటం అంటే కర్రలా పడటం కాదు, మోకాళ్లు వంచి పిర్రలు మడమల దగ్గరికి దింపుకుంటూ వీపును గుండ్రంగా చేసి దొర్లాలి. ఎంత ఎత్తు తగ్గిస్తే అంత దెబ్బ తగ్గుతుంది. కెమెరాలో చూస్తే ఈ దిగడం కనబడదు, మనిషి కుప్పకూలినట్టే ఉంటుంది.

తర్వాత పక్కకు పడటం, ఆ తర్వాత ముందుకు పల్టీ. పల్టీ తల మీదుగా కాదు. కుడి కాలు ముందు, కుడి చేతి చిటికెనవేలు అంచు నేల మీద, అక్కడి నుంచి ముంజేయి, భుజం, వీపు మీద ఏటవాలుగా ఎడమ నడుము దాకా చక్రం తిరిగినట్టు దొర్లాలి. తల ఎక్కడా ఆనదు. ఇది వచ్చిందంటే సగం ఫైట్ వచ్చినట్టే, ఎందుకంటే హీరో ఎవర్ని విసిరినా వాళ్లు చేసేది చివరికి ఇదే.

విసరడం గురించి ఒక రహస్యం చెప్తాను, జూడో వాళ్లు కొంచెం గునుస్తారేమో. సినిమాలో విసిరేవాడి బలం పైసా పనికిరాదు, ఎగిరేవాడు సాయం చేయాలి. నడుము మీదుగా ఎత్తి వేసే పట్టు తీసుకోండి: హీరో దగ్గరికి చేరి, ఒక చెయ్యి విలన్ నడుము చుట్టూ వేసి, తన నడుము అతని నడుము కంటే కిందికి దింపి, మోకాళ్లు వంచి, తిరిగి లేపుతాడు. ఆ లేపే క్షణానికి విలన్ తనే చిన్నగా ఎగరాలి. ఇద్దరూ "ఒకటి, రెండు" అని లోపల లెక్కపెట్టుకుని రెండు మీద కదిలితే యాభై కిలోల హీరో తొంభై కిలోల విలన్‌ను మబ్బుల దాకా లేపినట్టు వస్తుంది. ఒకడు లెక్క తప్పితే ఇద్దరూ పడతారు, అందుకే షూటింగ్ రోజు కొత్త కదలిక ఏదీ పెట్టొద్దు, ఎంత బాగా తోచినా సరే. సెట్లో ఎవరన్నా "అన్నా ఇట్లా చేస్తే మస్తుంటది" అంటే వాణ్ణి చాయ్ తేవడానికి పంపండి.

ఎక్కడ పడాలి? స్టంట్ వాళ్లు పాత రోజుల్లో ఖాళీ అట్టపెట్టెలు పేర్చి వాటి మీద పడేవాళ్లు, పెట్టెల్లో గాలి ఉంటుంది, అవి నలిగి ఊపు మింగేస్తాయి. కిరాణా దుకాణాల్లో అడిగితే అట్టపెట్టెలు ఇస్తారు. మనకు అంతకంటే మంచిది వరిగడ్డి. నాలుగు మోపులు విప్పి మోకాలెత్తు పరిచి, పైన బార్దాన్ (గోనె) సంచులు విప్పి కప్పి, అంచులు కనబడకుండా ధాన్యం బస్తాలు అడ్డం పెడితే కెమెరాకు అది మిల్లు నేలలాగే కనబడుతుంది. మిషన్‌తో చుట్టిన గడ్డి కట్టలు అట్లాగే వాడొద్దు, రాయిలా ఉంటాయి, విప్పి దులపాలి. దులిపేటప్పుడు కర్రతో దులపండి, తేళ్లుంటాయి. దుమ్ము పడని వాళ్లను దూరంగా ఉంచండి.

మిల్లు అనగానే అందరికీ ఊక కుప్ప మీద దూకాలనిపిస్తుంది. మాకూ అనిపించింది. మిల్లు సేటు కుర్చీలోంచి లేవకుండానే ఒక్క మాట అన్నాడు: "బిడ్డా, పైన ఊక, కింద ఏముందో నాకే తెల్వదు." ఊక కుప్ప మీద కాలు పెడితే జారుకుంటూ లోపలికి పోతాం, ముక్కులోకి నోట్లోకి పోయి ఊపిరి ఆడదు. బాయిలర్ బూడిద కుప్ప ఇంకా ప్రమాదం, పైకి చల్లగా నల్లగా ఉంటుంది, లోపల రోజుల తరబడి నిప్పు ఉంటుంది. ఈ రెండిటి జోలికీ పోవద్దు, వెనకాల అందంగా కనబడేట్టు పెట్టుకుని ముందు నిలబడి తీసుకోండి.

కెమెరా ఎక్కడ పెట్టాలి

మొదటి రోజు మా గుద్దులు తగలనట్టు కనబడటానికి కారణం కెమెరాను పక్కన పెట్టడమే. ఇద్దరికీ పక్క నుంచి చూస్తే పిడికిలికీ దవడకూ మధ్య జానెడు ఖాళీ ఎవరికైనా కనబడుతుంది. కెమెరా ఒకరి భుజం వెనకాలకు రావాలి. హీరో వెనక భుజం పక్క నుంచి పెట్టి విలన్ ముఖం చూపిస్తే, పిడికిలి ముఖం ముందు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు అడ్డంగా పోతుంది, మధ్యలో ఖాళీ ఎంతుందో కంటికి తెలియదు. నిజంగా జానెడు దూరం ఉంచండి, బెత్తెడు చాలనుకున్నవాళ్లం మేమే. విలన్ తల తిప్పడం పిడికిలి దాటే క్షణానికి సరిపోవాలి, ముందు తిప్పితే నవ్వొస్తుంది, ఆలస్యమైతే ఇంకా నవ్వొస్తుంది. తల ఒక్కటే తిరిగితే సరిపోదు, భుజం, నడుము, చివరికి కాలు కూడా దాని వెనకాలే పోవాలి.

ఫోన్లో రెండో లెన్స్, అంటే దగ్గరికి లాగే లెన్స్ ఉంటే నాలుగడుగులు వెనక్కి జరిగి దానితో తీయండి, దూరాలు నొక్కేసినట్టు వస్తాయి, జానెడు కూడా వేలెడంత అవుతుంది. ఫోకస్, వెలుతురు లాక్ చేయండి, లేకపోతే చెయ్యి అడ్డం వచ్చినప్పుడల్లా బొమ్మ వెలిగి ఆరుతుంది. మిల్లులో ట్యూబ్‌లైట్లు ఉంటే షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అప్పుడే మినుకులు రావు. ఇది తెలియక ఒక రాత్రి షూటింగ్ మొత్తం చారలతో వచ్చి పారేశాం.

ఇద్దరి మధ్యా ఒక గీత ఉందనుకుని కెమెరాను ఎప్పుడూ ఆ గీతకు ఒకే వైపు ఉంచండి. అటు దాటారంటే ఎడమ ఉన్నోడు కుడికి వస్తాడు, ఎవడు ఎవణ్ణి కొడుతున్నాడో చూసేవాడికి తికమక. ఒక్కో షాట్‌లో మూడు కదలికలకు మించి పెట్టొద్దు: గుద్దు, తప్పించుకోవడం, విసరడం, కట్. మాకు చివరికి నలభై సెకన్ల ఫైట్‌కు ఇరవైరెండు షాట్లు పడ్డాయి, రెండు పొద్దులు పట్టింది.

ఇరుకు గది మంచిది, డ్యామ్ వద్దు

మన దగ్గర అందరికీ మొదట తోచేది నాగార్జునసాగర్. 124 మీటర్ల ఎత్తు డ్యామ్, నీళ్లు, బాండ్ సినిమా క్లైమాక్స్‌లాగే ఉంటుంది, నిజమే. కానీ డ్యామ్ భద్రత ఉన్న చోటు, ఫోన్ స్టాండ్ మీద పెట్టి పిస్తోలు తీశారంటే మీ కథ అక్కడే ముగుస్తుంది, డ్రోన్ సంగతి అసలు తలచొద్దు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం, భువనగిరి కోట లాంటివి రక్షిత కట్టడాలు, అనుమతి లేకుండా ఫైట్లు తీయడం తప్పు. పైగా ఆ రాళ్ల మీద ఎవరన్నా పడితే రాయికేం కాదు. హీరో నడిచి వచ్చే షాట్లు, బైకు మీద పోయే షాట్లు రోడ్డు మీద తీసుకుని, ఫైట్లు మాత్రం నాలుగు గోడల మధ్య పెట్టుకోండి. మహబూబ్‌నగర్ వైపు వాళ్లకు కోయిల్‌కొండ దారిలో గుట్టలు, బండలు ఉన్నాయి, దూరం నుంచి చూపించడానికి అంతకంటే ఏం కావాలి.

ఇరుకు ఎందుకు మంచిదో తెలియాలంటే 1963 'ఫ్రమ్ రష్యా విత్ లవ్'లో రైలు ఫైట్ చూడండి. పడుకునే చిన్న గది, ఇద్దరు మనుషులు, లైటు పగిలి నీలం చీకటి. కాలు చాపే చోటు లేదు కాబట్టి కరాటే గొప్పలు ఎవరికీ అక్కర్లేదు, పట్టుకోవడం, గోడకు గుద్దుకోవడం, ఊపిరి అందక గింజుకోవడం, అంతే, అయినా ప్రాణం పోతుందేమో అనిపిస్తుంది. మేం ఇది చూశాకే ఫైట్‌ను మిల్లు మధ్యలోంచి తీసి కాంటా పక్కన ఉన్న లెక్కల గదిలోకి మార్చాం. ఎనిమిదడుగులకు పదడుగులు. ఒక బల్ల, గోడకు దేవుడి క్యాలెండర్, మేకుకు తగిలించిన రసీదు పుస్తకాలు. విలన్ క్యాలెండర్‌ను లాగుతూ జారిపోతాడు, అది చిరుగుతుంది, ఆ ఒక్క షాట్ చూసే మా సినిమా బాగుందన్నవాళ్లు ఉన్నారు. (క్యాలెండర్ పాతదే, దేవుడి బొమ్మ ఉన్న పైభాగం ముందే కత్తిరించి తీసేశాం, లేకపోతే సేటు మమ్మల్ని కత్తిరించేవాడు.)

బొమ్మ పిస్తోలు గురించి చెప్పి తీరాలి. ఒకసారి మావాడు ప్లాస్టిక్ పిస్తోలు నడుముకు పెట్టుకుని అట్లాగే చాయ్ తాగడానికి రోడ్డు మీదికి వెళ్లాడు. పావుగంటలో ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు. అది ప్లాస్టిక్‌ది అని చేతిలో పెట్టి చూపించినా స్టేషన్‌లో మూడు గంటలు కూర్చోబెట్టారు. వాళ్ల తప్పేం లేదు. షూటింగ్‌కు ముందే స్టేషన్‌లో కాగితం ఇచ్చి చెప్పండి, పిస్తోలు సంచిలో ఉండాలి, గేటు దాటి బయటికి రాకూడదు. ఇంకా మంచిది, పిస్తోలే పెట్టకండి.

టైమ్ సంగతి ఒక్క మాటలో: ఏప్రిల్, మే నెలల్లో వద్దు. రేకుల కింద పది గంటలకే పొయ్యిలో పెట్టినట్టుంటుంది, దెబ్బ తినకుండానే విలన్ పడిపోతాడు. డిసెంబర్, జనవరి పెట్టుకోండి, కాకపోతే వానాకాలం వడ్ల సీజన్ నడుస్తుంటే మిల్లు దొరకదు, ముందే అడగాలి.

కథకు అణుబాంబు అక్కర్లేదు

గూఢచారి కథ అనగానే ప్రపంచాన్ని కాపాడాలనుకుంటారు. మన దగ్గర కాపాడాల్సినవి దగ్గర్లోనే బోలెడున్నాయి. మేం గద్వాల వైపు సీడ్ పత్తి తీసుకున్నాం. అక్కడ రైతులు ఆడ మొక్కలకు మగ పూల పుప్పొడి చేత్తో రుద్ది హైబ్రిడ్ విత్తనం పండిస్తారు, కంపెనీకీ రైతుకూ మధ్యలో ఆర్గనైజర్లు ఉంటారు. ఆ హైబ్రిడ్‌కు కావాల్సిన తల్లి విత్తనం చిన్న ప్యాకెట్ ఎవరో ఎత్తుకుపోయారు, అది మిల్లులో పదివేల బస్తాల మధ్య ఒక బస్తాలో ఉంది, తెల్లారేసరికి లారీ ఎక్కుతుంది. ఇంతే కథ. ఎవరికీ వివరించాల్సిన పని లేదు, ఊళ్లో ముసలాయన కూడా అర్థం చేసుకుని "వాణ్ని వదలొద్దురా" అన్నాడు. విలన్‌గా ఏ కంపెనీ పేరూ పెట్టకండి, చెప్పాల్సిన పని లేదనుకుంటా.

హీరోకు కోటు వేయాలనుకుంటే వేయండి, కానీ ఒక సైజు పెద్దది తీసుకుని చంక దగ్గర గుడ్డముక్క వేసి వదులు చేయించండి, లేకపోతే మొదటి దెబ్బకే పర్రుమంటుంది. చొక్కాలు మాత్రం ఒకే రకంవి రెండు కొనాలి.

సోమశిల దగ్గర పుట్టిలో చేజింగ్ తీద్దామని ఒకడు పట్టుబట్టాడు. తీశాం కూడా. పుట్టి గుండ్రంగా ఉంటుంది కదా, నడిపేవాడికి అలవాటు లేకపోతే ముందుకు పోదు, తిరుగుతుంది. హీరో వీపు, విలన్ వీపు, హీరో వీపు, విలన్ వీపు. నది మీద లైఫ్ జాకెట్ లేకుండా దిగొద్దు, అది ఖాయం, కానీ అంతకంటే ముందు ఈ ఆలోచనే మానుకోండి.

చప్పుడు తర్వాత వేసుకోండి

అప్పటి ఇటలీ సినిమాల్లో షూటింగ్ చప్పుడును పట్టించుకునేవాళ్లు కాదు, ఒకడు ఇంగ్లిష్‌లో, ఒకడు ఇటాలియన్‌లో, ఇంకోడు జర్మన్‌లో మాట్లాడినా మాటలన్నీ తర్వాత డబ్బింగ్‌లోనే. ఖర్చు తగ్గించడంలో వాళ్లు ఎంత దూరం పోయారంటే టెక్నిస్కోప్ అనే పద్ధతిలో ఒక్కో ఫ్రేముకు, ఫిల్మ్ అంచున ఉండే రంధ్రాల లెక్కన, నాలుగు రంధ్రాల పొడవు బదులు రెండు రంధ్రాల పొడవు నెగెటివ్ వాడి ఫిల్మ్ సగానికి సగం మిగుల్చుకున్నారు. మనం ఫోన్‌లో ఫిల్మ్ మిగల్చాల్సిన పని లేదు గానీ డబ్బింగ్ పద్ధతి మాత్రం ఎత్తేసుకోండి. మిల్లు దగ్గర లారీ హారన్లు, పావురాలు, పక్క ఇంటి టీవీ, వీటితో కొట్లాడి ఏం లాభం.

దెబ్బ చప్పుడు ఇంట్లోనే చేసుకోవచ్చు, రాత్రి ఫ్యాన్ ఆపి, దుప్పటి కప్పుకుని, ఫోన్ దగ్గరగా పెట్టుకుని. గుద్దుకు తడి తువ్వాలు మడిచి బండ మీద కొట్టండి. ఒంటి మీద దెబ్బకు పాత తోలు చెప్పుతో తవుడు బస్తా మీద. ఎముక విరిగినట్టు కావాలంటే ఎండిన కందికట్టె గుడ్డలో చుట్టి విరవండి, వినేవాడు ముఖం చిట్లించకపోతే అడగండి. విసిరినప్పుడు గాలి చప్పుడుకు సన్నటి బెత్తం ఊపితే చాలు. ప్రతి దెబ్బకు ఒకే చప్పుడు పెట్టొద్దు, నాలుగైదు రకాలు రికార్డు చేసుకుని మార్చి మార్చి వాడండి. చప్పుడు బొమ్మ కంటే ఒక ఫ్రేము ముందు పడితే దెబ్బ గట్టిగా అనిపిస్తుంది, రెండు ఫ్రేములు వెనక పడితే దొరికిపోతాం. ఎడిటింగ్‌లో ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కు మారేటప్పుడు కదలిక రెండు మూడు ఫ్రేములు మళ్లీ వచ్చేట్టు అతికించండి, కంటికి అది రెండు సార్లు అనిపించదు, ఊపు మాత్రం పెరుగుతుంది.

కట్టు విప్పాక మా తమ్ముడు మళ్లీ వచ్చాడు, వాళ్లమ్మ కూడా వెంట వచ్చి బార్దాన్ బస్తా మీద కూర్చుంది. వాడు పడిన ప్రతిసారీ ఆవిడ లేచి నిలబడేది, గడ్డిలోంచి వాడు చెయ్యి ఎత్తి ఊపితే కూర్చునేది. నాలుగో టేక్ తర్వాత లేవడం మానేసింది.

ఇక షూటింగ్ అయిపోయాక ఒక పని మిగులుతుంది, అందరూ దీన్నే మరిచిపోతారు. ఆ గడ్డి ఎవరో రైతు దగ్గర అడిగి తెచ్చింది, తిరిగి వెళ్లి ఎడ్ల ముందు పడుతుంది. కోటు గుండీలు, పిన్నీసులు, క్యాలెండర్ మేకులు, పగిలిన ప్లాస్టిక్ ముక్కలు అందులో ఉంటాయి. పశువు కడుపులోకి ఒక్క మేకు పోయినా ప్రాణం మీదికి వస్తుంది. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం తాడుకు కట్టి గడ్డి మీద రెండు సార్లు తిప్పండి, మిగతాది గుప్పెడు గుప్పెడు దులిపి చూసుకోండి, గుండీలు లెక్కపెట్టండి. మాకు ఒక గుండీ తక్కువొచ్చింది, దాని కోసం రాత్రి తొమ్మిదింటి దాకా వెతికాం, చివరికి హీరో చెప్పులో దొరికింది.